ప్రత్యుదాహరణను వెలివేసిన పరిశోధన: నన్నయ చర్చలో వాదరూపాల పరీక్ష

తెలుగు సాహిత్య చరిత్ర రచనలో ‘కనుక’ అన్న మాట విరివిగా చలామణిలో ఉంది. ఆ మాట మోయవలసిన బాధ్యత మాత్రం క్రమంగా తేలికైపోయింది. పది ఉదాహరణలు వరుసగా పేర్చి, చివర ‘కనుక’ అని ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టడం పరిశోధన గ్రంథాల్లో స్థిరపడిన పద్ధతి. ఆ పది ఉదాహరణలూ నిజమై ఉండి కూడా సిద్ధాంతం అబద్ధమయ్యే అవకాశం ఉందా అన్న ప్రశ్నను వేసేవారు అరుదు. ఎవరైనా వేసి, ఎదురు నిలిచే ఒక సందర్భాన్ని చూపితే, దానికి ‘అపవాదం’ అని పేరు పెట్టి పాదసూచికలోకి పంపడం కూడా స్థిరపడిన పద్ధతే. తెలుగు పరిశోధన ఉదాహరణను ఆదరించి ప్రత్యుదాహరణను వెలివేసింది. ఈ వెలి వల్ల ఎక్కువ నష్టం జరిగినది రాజమహేంద్రవరం కేంద్రంగా సాగిన నన్నయ చర్చలోనూ, అదే గోదావరి తీరాన నడిచిన భాషావాదంలోనూ.

ప్రత్యుదాహరణ పరాయి సరుకు కాదు. పాణినీయ వ్యాఖ్యాన సంప్రదాయంలో సూత్రానికి ఉదాహరణ చూపడంతో పని తీరదు. సూత్రంలోని ఒక్కొక్క పదం ఎందుకుందో నిరూపించడానికి ప్రత్యుదాహరణ చూపాలి. ఆ పదాన్ని తీసివేస్తే సూత్రం ఎక్కడ తప్పుదారి పడుతుందో అది చెబుతుంది. తెలుగు విద్యార్థికి దీన్ని ఉత్వసంధితో బోధించవచ్చు. హ్రస్వమైన ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యమని చెప్పి, అందులోంచి ‘ఉకారం’ అన్న నియమాన్ని తొలగిస్తే, ‘ఏమంటివి, ఏమియంటివి’ అన్న రెండు రూపాలు ఎదురు నిలుస్తాయి. అక్కడ ఇకారం ఉంది, సంధి వైకల్పికం. ఆ ఒక్క జంట చాలు, నియమంలో ఆ పదం అవసరమని తేలడానికి. ‘రాముఁడతఁడు’ వంటి రూపాలు నూరు చూపినా ఆ పని జరగదు. వ్యాకరణ పాఠంలో ఈ క్రమశిక్షణను పాటించే శాఖలే సాహిత్య చరిత్ర పాఠంలో దాన్ని విడిచిపెట్టడం వింత.

రెండు ప్రత్యుదాహరణలు, రెండు పనులు

ప్రత్యుదాహరణ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది సార్వత్రిక వాక్యాన్ని భంగపరచడం. ‘అన్నీ ఇలాగే ఉంటాయి’ అన్నప్పుడు అలా లేని ఒకదాన్ని చూపితే ఆ వాక్యం కూలుతుంది. రెండవది వాదరూపాన్ని భంగపరచడం. ఇక్కడ ముగింపు నిజమా అబద్ధమా అన్నది ప్రశ్న కాదు. ఆధారవాక్యాల నుంచి ముగింపు తప్పనిసరిగా వస్తుందా అన్నది ప్రశ్న. అదే అచ్చులో పోసిన మరొక వాదాన్ని తీసుకొని, అందులో ఆధారాలు నిజమై ముగింపు అబద్ధమని చూపగలిగితే, ఆ అచ్చు నమ్మదగినది కాదని తేలుతుంది. మొదటి వాదపు ముగింపు అప్పటికీ నిజం కావచ్చు. కానీ ఆ దారిన దాన్ని చేరుకోలేదు.

న్యాయశాస్త్రం ఈ లోపానికి ‘వ్యభిచారం’ అని పేరు పెట్టింది. హేతువు ఉన్నచోట సాధ్యం లేకపోవడమే వ్యభిచారం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే, కాలిన ఇనుపగుండు ఎదురు నిలుస్తుంది. అక్కడ నిప్పుంది, పొగ లేదు. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థీ ఈ పాఠాన్ని దాటే వచ్చాడు. దీనికి తోడు న్యాయసూత్రాలు మరొక హెచ్చరిక చేశాయి. హేతువును పట్టించుకోకుండా ఊరికే ఎదురు దృష్టాంతాన్ని విసరడం ‘ప్రతిదృష్టాంతసమం’ అనే జాతి, అంటే పసలేని ప్రత్యుత్తరం. కాబట్టి ప్రత్యుదాహరణను చూపేవాడికీ ఒక బాధ్యత ఉంది. ఎదుటివాడు నిజంగా చెప్పిన హేతువు తన ఉదాహరణలో ఉందని అతడు చూపాలి.

నది పొంగిన వాదం

ప్రత్యుదాహరణ ఎదురైనప్పుడు ఏం చేయాలో చెప్పే శాస్త్రీయ సందర్భం గోదావరి మండలానికి పరాయిది కాదు. నది పొంగడం చూసి ఎగువన వాన కురిసిందని ఊహించడం న్యాయశాస్త్రంలో అనుమానానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో పూర్వపక్షి దీనికి ఎదురు చెప్పాడు: దిగువన అడ్డుకట్ట పడినా నీరు పెరుగుతుంది కదా, అప్పుడు హేతువు వ్యభిచరించింది కదా అన్నాడు. 1852 నాటికి ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి తీరవాసులకు ఈ పూర్వపక్షం కంటికెదురుగా కనిపించే వాస్తవం. ఎగువన చినుకు పడకపోయినా కట్టకు పైన నీటిమట్టం పెరగవచ్చు.

సిద్ధాంతి ఆ అడ్డుకట్టను ‘అపవాదం’ అని తోసిపుచ్చలేదు. ‘సాధారణంగా పొంగితే వానే’ అని సర్దుకోలేదు. హేతువునే సవరించాడు. వాన వల్ల వచ్చిన నీటికి వేగం ఉంటుంది. మునుపటి నీటి కంటే భిన్నంగా ఉంటుంది. నురుగు, ఆకులు, పండ్లు, కట్టెలు కొట్టుకొస్తాయి. ఆ లక్షణాలతో కూడిన పొంగే వానకు హేతువు, ఊరికే పెరిగిన నీటిమట్టం కాదు. ఎర్రనీరు ఎప్పుడు దిగుతుందో, ఏ వేగంతో వస్తుందో చూసి వరదను అంచనా కట్టే లంకవాసులు పాటించేదీ ఈ సవరించిన హేతువునే. ప్రత్యుదాహరణ వల్ల అనుమానం నశించలేదు, పదునెక్కింది. నన్నయ చర్చలో జరగవలసిందీ, జరగనిదీ ఈ సవరణే.

మౌనం నుంచి అభావానికి

ఎక్కువ ప్రచారంలో ఉన్న వాదం ఇది: నన్నయకు పూర్వపు తెలుగు కావ్యం ఏదీ లభించలేదు, కనుక నన్నయకు పూర్వం తెలుగు కవి లేడు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుని ఆస్థానంలో తెలుగు కవిత్వం పుట్టిందని చెప్పే పాఠాలన్నీ ఈ వాదం మీద ఆధారపడ్డవే.

దీనికి సాధారణంగా చూపే ఎదురు సాక్ష్యం శాసన పద్యాలు. సా.శ. 848 ప్రాంతపు పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ ఉంది. పదో శతాబ్దికి చెందిన యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో మధ్యాక్కరలున్నాయి. 945 ప్రాంతపు కుర్క్యాల శాసనంలో పంపని సోదరుడు జినవల్లభుడు వేయించిన మూడు తెలుగు కందపద్యాలున్నాయి. ఇవి మొదటి రకం ప్రత్యుదాహరణలు. ‘నన్నయకు పూర్వం తెలుగులో పద్యం లేదు’ అన్న సార్వత్రిక వాక్యాన్ని ఇవి నిస్సందేహంగా కూల్చివేశాయి. విశేషమేమిటంటే ఈ పనిలో ముందు నడిచినవారిలో కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు ఒకరు. బెజవాడ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించిందీ, ‘శాసన పద్యమంజరి’ని సంకలనం చేసిందీ ఆయనే. భాషావాదంలో ప్రాచీన కావ్యభాష పక్షాన నిలిచిన పండితుడే కావ్యానికి ముందున్న పద్యాన్ని వెలికి తెచ్చారు.

అయితే ఈ శాసనాలు అసలు వాదాన్ని కూల్చాయని చెప్పడం తొందరపాటు. ‘శాసన పద్యం కావ్యం కాదు, మేము చెప్పింది కావ్యం గురించి’ అన్న సమాధానం వెంటనే వస్తుంది. ఆ సమాధానంలో పస ఉంది. కావ్యం గురించిన వాక్యానికి విడి పద్యాన్ని ఎదురు నిలిపితే, హేతువును పట్టించుకోని ప్రతిదృష్టాంతమే అవుతుంది. అద్దంకి తరువోజను చూపి నన్నయ ఆదికవిత్వాన్ని కొట్టివేశామనుకునేవారు కూడా తర్కదోషంలో పడ్డవారే. కానీ ఈ సమాధానం చెప్పినవారు దాని మూల్యం చెల్లించాలి. ‘తొలి కవి’ అన్న ప్రతిజ్ఞ ‘లభ్యమైన తొలి కావ్యకర్త’గా కుదించుకుపోయింది. ఆ కుదింపును ఒప్పుకొని, మరుసటి పుటలో మళ్లీ ‘తెలుగు కవిత్వం గోదావరి ఒడ్డున పుట్టింది’ అని రాయడం చెల్లదు. చిన్న ప్రతిజ్ఞను నిరూపించి పెద్ద ప్రతిజ్ఞ గౌరవాన్ని వసూలు చేయడమే ఈ చర్చలో పదేపదే జరుగుతున్నది.

అసలు వాదాన్ని కూల్చే ప్రత్యుదాహరణ రెండవ రకానికి చెందింది. అది అద్దంకిలో లేదు, కుర్క్యాలలో లేదు. నన్నయ రచించిన శాసనంలోనే ఉంది. కోనసీమకు చెందిన నందంపూడి అగ్రహారాన్ని రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు దానం చేసిన 1053 నాటి శాసనానికి కర్త నన్నయభట్టు. అందులో నారాయణభట్టును సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక భాషలతో పాటు ఆంధ్రభాషలో కూడా కవిగా ప్రస్తుతించాడు. భారతరచనలో తనకు తోడ్పడినవాడుగా నన్నయ స్మరించింది కూడా ఈ నారాయణభట్టునే. నారాయణభట్టు తెలుగు కావ్యం ఏదైనా లభించిందా? లేదు. ఇప్పుడు వాదరూపాన్ని ఆయనకు వర్తింపజేస్తే ఏమవుతుంది? ‘నారాయణభట్టు రాసిన తెలుగు కృతి ఏదీ లభించలేదు, కనుక నారాయణభట్టు తెలుగు కవి కాడు.’ ఆధారవాక్యం నిజం. ముగింపు సాక్షాత్తు నన్నయ మాటకు విరుద్ధం. ఆదికవిత్వాన్ని స్థాపించడానికి వాడుకలో ఉన్న అచ్చును ఆదికవి వాక్యమే పగలగొట్టింది.

శాసనాల్లోని ప్రశస్తి అతిశయోక్తి కావచ్చునన్న ఆక్షేపణ ఒకటి మిగులుతుంది. ఆ ఆక్షేపణ వాదాన్ని కాపాడదు. ఆ ప్రశస్తి అతిశయోక్తి అని నిరూపించాలంటే నారాయణభట్టు తెలుగు కృతి లభించకపోవడాన్ని ఆధారంగా చూపకూడదు. అది నిరూపించవలసినదాన్నే ఆధారంగా స్వీకరించడం అవుతుంది. నారాయణభట్టు నన్నయకు పూర్వుడు కాదు, సమకాలికుడు అన్న ఆక్షేపణ కూడా గురి తప్పినదే. ఇక్కడ పరీక్షకు నిలిచింది కాలం కాదు. ‘లభించలేదు కనుక లేదు’ అన్న రూపం మాత్రమే. పొరుగున కన్నడంలోనూ ఇదే పరీక్ష జరిగింది. తొమ్మిదో శతాబ్దికి చెందిన కవిరాజమార్గం కన్నడంలో లభ్యమైన తొలి గ్రంథం. అది విమలుడు, ఉదయుడు, నాగార్జునుడు, జయబంధువు, దుర్వినీతుడు మొదలైన పూర్వ రచయితలను పేర్కొంది. వారి కన్నడ గద్య కృతులు లభించలేదు. లభ్యమైన తొలి గ్రంథమే తొలి గ్రంథమనుకుంటే కన్నడ సాహిత్య చరిత్ర తన తొలి గ్రంథం చెప్పిన మాటనే కాదనవలసి వచ్చేది.

ఇక్కడ మౌనాన్ని పూర్తిగా పక్కన పెట్టాలని కాదు. భారతీయ ప్రమాణశాస్త్రం అనుపలబ్ధికి ‘యోగ్య’ అన్న విశేషణాన్ని తగిలించింది. ఉంటే తప్పక కనిపించవలసిన వస్తువు కనిపించకపోతేనే దాని అభావం తేలుతుంది. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ తేలదు. తాళపత్రం కొన్ని తరాలకొకసారి తిరగరాస్తేనే నిలిచేది. తేమ, చెదలు ఉన్న నేలమీద రాజాశ్రయమో, మఠాశ్రయమో, పారాయణమో లేని కృతి మిగలడం అరుదు. పూర్వనన్నయ కావ్యాల విషయంలో గది చీకటిదే. అందువల్ల అక్కడి మౌనం ఏమీ నిరూపించదు. కావ్యాలు లేవనీ నిరూపించదు, ఉన్నాయనీ నిరూపించదు.

పరిణతి నుంచి పూర్వకావ్యాలకు

ఎదుటి పక్షం వాదానికి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. నన్నయ భాష, ఛందస్సు, కథాకథనం అంత పరిణతంగా ఉన్నాయంటే అతనికి ముందు తెలుగు కావ్య సంప్రదాయం ఉండితీరాలన్నది ఆ వాదం. ఇది ఉదారంగా కనిపిస్తుంది. పూర్వనన్నయ యుగాన్ని గౌరవించే వాదం కాబట్టి ప్రశ్నించడానికి మనసు ఒప్పదు. కానీ దాని అచ్చు కూడా పగిలినదే. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌కు ముందు గ్రీకు భాషలో లిఖిత కావ్యం ఏదీ లేదు. దాని పరిణతికి మూలం మౌఖిక గాన సంప్రదాయమని మిల్మన్ ప్యారీ 1930ల నాటికి చేసిన పరిశోధన చూపింది. పరిణతి ఉంది, పూర్వపు లిఖిత కావ్యం లేదు.

నన్నయ విషయంలో పరిణతికి మరొక దారి కూడా తెరిచే ఉంది. పదో శతాబ్దిలోనే పంపడు, రన్నడు కన్నడంలో భారతకథను చంపువుగా చెప్పారు. సంస్కృతం, కన్నడం, దేశి గేయాలు, శాసన పద్యం అన్నీ ఒకే ఆస్థానంలో కలిసే కాలమది. నందంపూడి శాసనం నారాయణభట్టు బహుభాషా పాండిత్యాన్ని ప్రస్తుతించడంలో కనిపించేది ఆ వాతావరణమే. కాబట్టి పరిణతి ఒక పూర్వ సంప్రదాయాన్ని సూచిస్తుంది. ఆ సంప్రదాయం తెలుగు లిఖిత కావ్యాలదే అని అది చెప్పదు. ‘పరిణతి’ అన్న హేతువును సవరించి, పూర్వపు తెలుగు కావ్యం తప్ప మరొకటి వివరించలేని లక్షణం ఏదో చూపగలిగితే, వాదం నిలుస్తుంది. ఆ లక్షణాన్ని పేర్కొననంత కాలం ఇది కోరికే, అనుమానం కాదు.

చింతామణి: గోదావరిలో మునిగిన వాదం

ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వ చర్చ ఈ దోషాలకు ప్రదర్శనశాల. ఒక పక్షం వాదం: చింతామణి సూత్రాలు నన్నయ ప్రయోగాలతో సరిపోతున్నాయి; కనుక నన్నయే కర్త. ఈ అచ్చులో బాలవ్యాకరణాన్ని పోస్తే లోపం బయటపడుతుంది. చిన్నయసూరి సూత్రాలు కూడా చాలా వరకు నన్నయ ప్రయోగాలతో సరిపోతాయి, కవిత్రయ ప్రయోగాలను ప్రమాణంగా తీసుకున్నాడు కనుక. అంతమాత్రాన బాలవ్యాకరణాన్ని నన్నయకు అంటగట్టేవారు లేరు.

ఎదుటి పక్షం వాదం: భారతంలో చింతామణికి విరుద్ధమైన ప్రయోగాలున్నాయి, కనుక కర్త నన్నయ కాడు. ఇది మొదటిదాని కంటే పదునుగా కనిపిస్తుంది. కానీ ఒక వ్యాకరణాన్ని శిరసావహించినవాడు ఆ వ్యాకరణానికి విరుద్ధంగా రాయడు అన్న వ్యాప్తి మీద ఇది నిలబడింది. ఆ వ్యాప్తిని గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఎప్పుడో భగ్నం చేశారు. గ్రాంథిక పక్షపు పండితులు తాము ప్రమాణంగా చెప్పే వ్యాకరణానికి తామే విరుద్ధంగా రాసిన రూపాలను ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో ఆయన గుదిగుచ్చి చూపారు. సూత్రం నమ్మినవాడి కలం సూత్రాన్ని దాటుతుందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర లేదు.

రెండు వాదాలూ పడిపోయాయి. అంటే చర్చ ముగిసిందని కాదు, దారి మారాలని అర్థం. ఇక్కడే యోగ్యానుపలబ్ధి పనికి వస్తుంది. పదమూడో శతాబ్దికి చెందిన కేతన ‘ఆంధ్రభాషాభూషణం’లో తనకు ముందు తెలుగుకు లక్షణం చెప్పినవారు లేరన్న అర్థంలో చెప్పుకొన్నాడు. తెలుగు వ్యాకరణం రాయబూనినవాడు, తిక్కనను ఎరిగినవాడు, నన్నయ రాసిన వ్యాకరణం ఉంటే ఎరిగి ఉండవలసినవాడు. ఇక్కడి గదిలో వెలుతురు ఉంది. పూర్వకావ్యాల విషయంలో ఏమీ నిరూపించని మౌనం వ్యాకరణం విషయంలో బరువు గల సాక్ష్యం కావడానికి కారణం ఇదే. ఒకే రకపు ఆధారం ఒకచోట చెల్లి మరొకచోట చెల్లకపోవడం వైరుధ్యం కాదు. హేతువులో ‘యోగ్య’ అన్న పదం ఎందుకుందో చూపే ప్రత్యుదాహరణ.

ఈ సాక్ష్యాన్ని ఎదుర్కొనే కథ కూడా గోదావరిలోనే పుట్టింది. 1656 నాటి అప్పకవి ప్రకారం, భీమకవి అసూయతో చింతామణిని గోదావరిలో పారవేశాడు. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరునికి అది కంఠస్థమై ఉండడంతో చివరకు బాలసరస్వతికి దక్కింది. ఈ కథ చరిత్రా కాదా అన్న ప్రశ్న కంటే, వాదంలో అది చేసే పని గమనించదగింది. వెలుతురున్న గదిని అది చీకటి చేస్తుంది. ఆరు శతాబ్దాల మౌనాన్ని ముందుగానే వివరించి, ఎదురు రాగల ప్రతి ప్రత్యుదాహరణనూ మింగుతుంది. అలాంటి కథను అంగీకరిస్తే అతిప్రసంగం తప్పదు. ఏ కాలపు ఏ గ్రంథాన్నయినా ఏ ప్రాచీనుడికైనా అంటగట్టవచ్చు. నదిలో పారవేసిన ఒక శత్రువునూ, కంఠస్థం చేసిన ఒక సిద్ధునీ కల్పిస్తే సరిపోతుంది. ఏ ప్రత్యుదాహరణకూ లొంగని సిద్ధాంతం బలమైన సిద్ధాంతం కాదు. పరీక్షకు రానని మొండికేసిన సిద్ధాంతం.

భాషావాదంలో అపవాదం

వ్యావహారిక వివాదంలో వినిపించిన వాదాల్లో ఒకటి: వాడుకభాష కోసం వాదించేవారు ఇంగ్లీషు చదువుల ప్రభావంలో పడి సంప్రదాయానికి దూరమైనవారు. పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు పేర్లు చూపితే ఇది నిజమనిపిస్తుంది. పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టి, ఇంగ్లీషు బడికి వెళ్లక సంస్కృత విద్యతో ఎదిగిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ వాక్యానికి ప్రత్యుదాహరణ. వాడుక తెలుగులో ఆయన రాసిన కథలూ, స్వీయచరిత్రా ఆ భాషకున్న శక్తిని చాటినవే. గ్రాంథిక గద్యానికి దారి వేసిన కందుకూరి వీరేశలింగం 1919లో రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షత వహించడం మరొక ప్రత్యుదాహరణ. వీరిద్దరినీ ‘విలక్షణ వ్యక్తులు’ అని మెచ్చి పక్కన పెట్టడం సులభం. మెచ్చుకోలు వాదానికి సమాధానం కాదు.

రెండవ వాదం ఇంకా ముఖ్యమైంది: వాడుకభాష ప్రాంతానికో తీరుగా ఉంటుంది, కనుక అది గ్రంథరచనకు ప్రమాణం కాజాలదు. గిడుగు దీనికి ప్రాచీన కవుల ప్రయోగాలనే ఎదురు నిలిపారు. వ్యాకరణం ఒకే రూపాన్ని విధించినచోట కవులు పలు రూపాలు వాడారని ‘బాలకవి శరణ్యం’ నిండా చూపారు. వైవిధ్యం ఉన్నది ప్రమాణం కాజాలదంటే కావ్యభాష కూడా ప్రమాణం కాజాలదు. అచ్చు పగిలింది, వాడుకభాష గెలిచింది.

కానీ గెలిచినవారి వారసులు ఆ పగిలిన అచ్చునే తిరిగి అతికించుకున్నారు. తెలంగాణం, ఉత్తరాంధ్ర, రాయలసీమల మాటతీరు విద్యాసంబంధ రచనలోకి వస్తే ‘అది ప్రాంతానికో తీరుగా ఉంటుంది, కనుక ప్రామాణికం కాదు’ అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. గోదావరి, కృష్ణా మండలాల శిష్టవ్యవహారం ఒకే తీరుగా ఉందా? కోనసీమ పలుకుకూ, ఏలూరు పలుకుకూ, బెజవాడ పలుకుకూ తేడా వినలేని చెవి తెలుగు శాఖలో ఉండదు. ఆ తేడాలు ఉండగానే అది ప్రమాణమైంది. అచ్చుయంత్రాలు, కళాశాలలు, పత్రికలు అందుకు తోడ్పడ్డాయి. కాబట్టి ఇతర ప్రాంతాల పలుకును తోసిపుచ్చడానికి వైవిధ్యం హేతువు కాలేదు. వేరే హేతువు ఉంటే చూపాలి. 1910లలో జయంతి రామయ్య పక్షం వాడిన హేతువును గిడుగు పటం కింద కూర్చొని వాడడం మాత్రం తగదు.

‘సాహిత్యం గణితం కాదు’

ఈ పరీక్షకు రాగల ప్రధానమైన ఆక్షేపణ: సాహిత్య చరిత్రలో నిశ్చయాలు దొరకవు, సంభావ్యతలే దొరుకుతాయి, ఒక్క ప్రత్యుదాహరణతో సంభావ్యత కూలదు. ఈ ఆక్షేపణ నిజమే, బలమైనదే. దాన్ని పూర్తిగా అంగీకరించవచ్చు, ఒక షరతుతో: సంభావ్యతను చెప్పేవారు సంభావ్యత భాషలోనే చెప్పాలి. ‘నన్నయకు పూర్వం దీర్ఘకావ్యం ఉండి ఉండకపోవచ్చు, ఎందుకంటే...’ అని రాసినవారి వాక్యాన్ని నారాయణభట్టు ఒక్కడే కూల్చడు, బలహీనపరుస్తాడు. ‘నన్నయకు పూర్వం కవి లేడు’ అని రాసి, ఎవరైనా ప్రశ్నించగానే ‘మేము సంభావ్యతే చెప్పాం’ అనడం రెండు పడవల ప్రయాణం. బోధించేటప్పుడు నిశ్చయం, ప్రశ్నించినప్పుడు సంభావ్యత అన్న ఈ సౌకర్యమే ప్రత్యుదాహరణను నిర్వీర్యం చేస్తున్నది.

‘అపవాదం’ అన్న మాటకు శాస్త్రంలో గౌరవమైన స్థానం ఉంది. ఉత్సర్గానికి అపవాదం చెప్పేవాడు దాని పరిధిని కూడా చెప్పాలి: ఏ సందర్భంలో, ఏ కారణంతో సామాన్య సూత్రం నిలిచిపోతుందో విధించాలి. బహుజనపల్లి సీతారామాచార్యులు చిన్నయసూరి సూత్రాలకు అందని ప్రయోగాలను చూసి ‘అపవాదాలు’ అని వదిలేయలేదు. వాటి కోసం ప్రౌఢవ్యాకరణం రాశారు. పరిధి చెప్పని అపవాదం అపవాదం కాదు, తప్పించుకోవడం.

చేయవలసింది

కాబట్టి పరిశోధన గ్రంథాల పరిశీలనలో ఒక ప్రశ్న తప్పనిసరి కావాలి: ఈ సిద్ధాంతం అబద్ధమైతే ఏం కనిపించి ఉండేది, పరిశోధకుడు దాన్ని వెతికాడా? వెతకని గ్రంథంలో ఉదాహరణలు మూడు వందలున్నా అది సేకరణే. వెతికి, దొరికి, హేతువును సవరించుకున్న గ్రంథం పుటలు తక్కువైనా పరిశోధన. వెతికి, దొరకక, ఎక్కడెక్కడ వెతికిందీ చెప్పిన గ్రంథం అంతకంటే విలువైనది.

పాఠ్యప్రణాళికలో కూడా ఒక మార్పు సాధ్యమే, ఖర్చు లేనిది. ‘తెలుగులో ఆదికవి ఎవరు?’ అన్న ప్రశ్నకు బదులు ‘నన్నయను ఆదికవి అనడానికి చెప్పే వాదాల్లో ఏది ఏ ప్రత్యుదాహరణకు నిలుస్తుంది?’ అని అడగవచ్చు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు రాసే విద్యార్థి అద్దంకినీ, కుర్క్యాలనూ, నందంపూడినీ ఒకే పుటలోకి తీసుకురావలసి వస్తుంది. కరీంనగర్ మండలపు కొండమీది కందపద్యాలు, కోనసీమ అగ్రహారపు శాసనం అప్పుడు అనుబంధాలుగా కాక సాక్షులుగా నిలుస్తాయి. నన్నయ గౌరవానికి దీనివల్ల లోటు రాదు. తన పక్కన మరొక తెలుగు కవి ఉన్నాడని శాసనంలో రాసి పెట్టినవాడు నన్నయ. ఆయన దాచని సాక్ష్యాన్ని ఆయన పేరిట దాచవలసిన అవసరం తెలుగు శాఖలకు లేదు.